నేల, నీరు, రసాయన సమతాస్థితి: ఉదయగిరి – ఆత్మకూరు ప్రాంతం నేర్పే పాఠం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన, వెలికొండల తూర్పు పాదాన ఉన్న ఉదయగిరి మెట్టలో చాలా ఇళ్ళలో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కనిపిస్తుంది. అదే ఊరి పొలంలో బిందు సేద్యపు గొట్టాన్ని విప్పి చూస్తే డ్రిప్పరు నోటి దగ్గర కూడా అదే తెల్లని పొర ఉంటుంది. అటువంటి బోరు నీరే ఏళ్ళ తరబడి పారిన కొన్ని పొలాల్లో నేల ఎండితే పలకబారుతుంది, తడిస్తే జిగటగా మారి నీటిని లోపలికి దిగనివ్వదు. అక్కడికి ఆగ్నేయంగా, పెన్నా నదిపై నిర్మించిన సోమశిల జలాశయపు నీటితో వరి సాగయ్యే ఆత్మకూరు మాగాణిలో రైతు చెప్పే సమస్య వేరు. యూరియా వేసిన వారం రోజులకే పైరు మళ్ళీ పచ్చదనం తగ్గుతోందని, ఇంకొక బస్తా వేయక తప్పడం లేదని అంటారు.

రైతు దృష్టిలో ఇవి వేరువేరు సమస్యలు. ఒకదానికి ఆమ్లం, ఇంకొకదానికి జిప్సం, మరొకదానికి నీటి యాజమాన్యం అని మనమూ వేరువేరు సిఫార్సులే చేస్తున్నాము. కానీ వీటన్నిటి వెనుక ఉన్నవి ఉత్క్రమణీయ చర్యలే, అంటే ముందుకూ వెనుకకూ నడవగల రసాయన చర్యలే. ఇంటర్మీడియట్‌లో చదివి, పరీక్షలో రాసి, అక్కడితో వదిలివేసిన సమతాస్థితి సూత్రాన్ని పొలానికి తీసుకువెళ్ళడం ఈ వ్యాసం ఉద్దేశం. అందులోనూ ఒక్క ప్రశ్నకు ప్రాధాన్యం ఇస్తున్నాను: చర్యలో ఏర్పడిన ఉత్పన్నం ఎటు పోతోంది? ఈ ప్రశ్న వేయకుండా చేసిన సిఫార్సు రసాయనికంగా సరైనదే అయినా పొలంలో విఫలం కావచ్చు.

ఒక సరస్సు ఒడ్డున మొదలైన ఆలోచన

పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు రసాయన చర్యలు ఒకే దిశలో నడుస్తాయని శాస్త్రజ్ఞులు భావించేవారు. ఒక పదార్థానికి మరొక పదార్థంపై ఉన్న ఆకర్షణే చర్య దిశను శాశ్వతంగా నిర్ణయిస్తుందని వారి నమ్మకం. 1798లో నెపోలియన్ దండయాత్రతో పాటు ఈజిప్టుకు వెళ్ళిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు బెర్తొలే, కైరో నగరానికి వాయవ్యంగా ఉన్న నాట్రాన్ సరస్సుల ఒడ్డున సోడియం కార్బొనేట్ పేరుకుని ఉండడం గమనించాడు. ప్రయోగశాలలో సోడియం కార్బొనేట్, కాల్షియం క్లోరైడు ద్రావణాలను కలిపితే సున్నపు పదార్థం అవక్షేపమై, మామూలు ఉప్పు ద్రావణంలో మిగులుతుంది. సరస్సు ఒడ్డున జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ సున్నపురాయి, ఉప్పు అపారంగా ఉన్నాయి. చర్యలో ఏర్పడిన కాల్షియం క్లోరైడు నేలలోకి ఇంకిపోయింది, సోడియం కార్బొనేట్ పైకి వచ్చి గడ్డకట్టింది.

పదార్థాల పరిమాణమూ, ఉత్పన్నాల తొలగింపూ చర్య దిశను మార్చగలవని బెర్తొలే గ్రహించి, 1803లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తుంచుకోవలసిన విశేషం ఒకటి ఉంది. ఉత్క్రమణీయ చర్య అనే భావన పుట్టింది గాజు పాత్రలో కాదు, ఒక చౌడు నేలలో. ఆయన అక్కడ చూసిన సోడియం కార్బొనేటే మన కారు చౌడు నేలల లక్షణానికి మూలం.

సమతాస్థితి స్వరూపం

నార్వే శాస్త్రజ్ఞులు గుల్బర్గ్, వాగే 1864లో ద్రవ్యక్రియా నియమాన్ని ప్రతిపాదించి ఈ భావనకు గణిత రూపమిచ్చారు. చర్యావేగం చర్యలో పాల్గొనే పదార్థాల గాఢతలపై ఆధారపడుతుంది. పురోగామి చర్య వేగం, తిరోగామి చర్య వేగం సమానమైనప్పుడు సమతాస్థితి ఏర్పడుతుంది. అప్పుడు గాఢతలు మారవు, కానీ చర్యలు ఆగవు. అందుకే దీనిని గతిక సమతాస్థితి అంటారు. 1884లో లె షాటెలియర్ చెప్పిన సూత్రం ఇంకొక అడుగు ముందుకు వేసింది: సమతాస్థితిలో ఉన్న వ్యవస్థపై గాఢత, పీడనం, ఉష్ణోగ్రతలలో ఏ మార్పు తెచ్చినా, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశలో సమతాస్థితి జరుగుతుంది.

గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు మళ్ళను ఊహించుకుందాం. గట్టులో గండి ఉంది. రెండు వైపులా నీటిమట్టం సమానంగా ఉన్నా, గండిలో నీటి కణాలు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఎడమ మడిలో మరికొంత నీరు పోస్తే అందులో కొంత కుడి మడిలోకి పోతుంది. ఎడమ మట్టం పోసినంతగా పెరగదు, కానీ పాత మట్టానికి కూడా రాదు. సూత్రంలో 'తగ్గించే' అన్న మాటకు అర్థం ఇదే. వ్యవస్థ మార్పును కొంతమేరకు సర్దుకుంటుందే గాని పూర్తిగా రద్దు చేయదు.

ఇప్పుడు కుడి మడికి ఉన్న తూము తీసి వదిలేద్దాం. నీరు బయటికి పోతున్నంతసేపు ఎడమ మడి నుండి నీరు వస్తూనే ఉంటుంది, చివరకు రెండు మళ్ళూ ఖాళీ అవుతాయి. ఉత్పన్నం వ్యవస్థను విడిచిపోతుంటే ఉత్క్రమణీయ చర్య కూడా చివరిదాకా ఒకే దిశలో నడుస్తుంది. తూము మూసి ఉంటే ఎంత పోసినా సగంలో ఆగుతుంది. పొలంలో ఈ తూము ఎక్కడ ఉందో, అది తెరిచి ఉందో మూసి ఉందో తెలుసుకోవడమే మన పని.

బోరు నీటిలో సున్నం

ఉదయగిరి గిన్నెలోని తెల్లని పొరకు కారణమైన చర్య ఇది:

కాల్షియం కార్బొనేట్ + బొగ్గుపులుసు వాయువు + నీరు ⇌ కాల్షియం అయాన్ + రెండు బైకార్బొనేట్ అయాన్లు

వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు సుమారు 0.04 శాతం. వేర్లూ సూక్ష్మజీవులూ శ్వాసించే నేలపొరల్లో అది పది నుండి వంద రెట్ల వరకు ఎక్కువ. ఆ పొరల గుండా దిగే వాన నీరు ఎక్కువ వాయువును కలుపుకొని, సున్నపు పదార్థాన్ని కరిగించుకుంటుంది. స్వచ్ఛమైన నీటిలో సున్నపురాయి కరిగే పరిమాణం బొగ్గుపులుసు వాయువు పీడనపు ఘనమూలానికి అనుపాతంలో ఉంటుంది. అంటే వాయువు 30 రెట్లు పెరిగితే కరిగే సున్నం సుమారు మూడు రెట్లు అవుతుంది. ఈ నీరు బోరు నుండి పైకి వచ్చి గాలి తగిలిన క్షణం నుండి వాయువు ఎగిరిపోవడం మొదలవుతుంది. ఎడమవైపు పదార్థం తగ్గింది కనుక చర్య ఎడమవైపుకు నడిచి, సున్నం తిరిగి ఘనరూపం దాలుస్తుంది. గిన్నెలో కాచినప్పుడు జరిగేది ఇదే. పైగా అనేక లవణాలకు భిన్నంగా కాల్షియం కార్బొనేట్ వేడి నీటిలో తక్కువగా కరుగుతుంది. మే నెల ఎండకు వేడెక్కిన నల్లని గొట్టాల చివర డ్రిప్పర్లు ముందుగా మూసుకుపోవడానికి ఈ రెండు కారణాలూ తోడవుతాయి.

ఆమ్లం పంపితే ఈ పొర ఎందుకు కరుగుతుందో కూడా ఇదే చర్య చెబుతుంది. ఆమ్లంలోని ఉదజని అయాన్లు కార్బొనేట్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువుగా బయటికి పోతాయి. ఇక్కడ తూము తెరిచి ఉంది కనుక చర్య పూర్తవుతుంది. ఆమ్లాన్ని నీటిలో కలపాలే గాని నీటిని ఆమ్లంలో పోయరాదని రైతుకు ప్రతిసారీ చెప్పడం మన బాధ్యత.

ఈ చర్యను గ్రామసభలో పది నిమిషాల్లో చూపవచ్చు. తేట సున్నపు నీటిలో సన్నని గొట్టంతో ఊపిరి ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. ఆపకుండా ఊదుతూ ఉంటే మళ్ళీ తేటపడుతుంది. ఆ తేట నీటిని కాచితే తిరిగి తెల్లబడుతుంది. ఒకే గ్లాసులో చర్య ముందుకు, వెనుకకు నడవడం రైతులు కళ్ళారా చూస్తారు. ఊదేటప్పుడు ఆ నీరు నోటిలోకి పీల్చకుండా జాగ్రత్తపడాలి.

సున్నం పోయిన నీటిలో ఫ్లోరైడు

భారతదేశంలో మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించినది నెల్లూరు జిల్లాను గురించే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఆ వివరాలను వైద్య పత్రికలో ప్రచురించారు. నేటి ప్రకాశం జిల్లాలోని కొన్ని మెట్ట తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండేవి. ఉదయగిరి మెట్ట ప్రజలకు కూడా ఈ సమస్య చిరపరిచితం.

నల్ల అభ్రకం, ఎపటైట్ వంటి ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలోకి వస్తుంది. అది ఎంతవరకు నీటిలో నిలవగలదో చాలావరకు ఈ సమతాస్థితి నిర్ణయిస్తుంది:

కాల్షియం ఫ్లోరైడు ⇌ కాల్షియం అయాన్ + రెండు ఫ్లోరైడు అయాన్లు

కాల్షియం గాఢతను ఫ్లోరైడు గాఢత వర్గంతో గుణిస్తే వచ్చే ద్రావణీయతా లబ్ధం, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద స్థిరం. కనుక నీటిలో కాల్షియం నాలుగో వంతుకు తగ్గితే ఫ్లోరైడు నిలవగల హద్దు రెట్టింపవుతుంది. బైకార్బొనేట్, సోడియం అధికంగా ఉన్న లోతు నీటిలో కాల్షియం సున్నంగా అవక్షేపించి తొలగిపోతుంది. ఆ మేరకు ఫ్లోరైడుకు దారి తెరుచుకుంటుంది. ముందు చెప్పిన చర్యలో ఉత్పన్నం బయటికి పోతే, ఆ ఫలితం ఈ చర్యపై పడుతుందన్న మాట. నేలలో ఏ సమతాస్థితీ ఒంటరిగా ఉండదు.

ఇందులో రెండు ఆచరణాత్మక హెచ్చరికలు ఉన్నాయి. పప్పు బాగా ఉడికే నీరు మంచి నీరని పల్లెల్లో ఒక గుర్తు. కాల్షియం తక్కువైన నీటిలో పప్పు త్వరగా ఉడుకుతుంది, నిజమే. కానీ ఫ్లోరైడు ఎక్కువగా నిలవగలిగేది కూడా అటువంటి నీటిలోనే. కాబట్టి ఆ గుర్తు ఫ్లోరైడు విషయంలో మోసం చేయవచ్చు. రెండవది, నీటిని కాచడం వల్ల ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన మేరకు దాని గాఢత పెరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఈ విషయంలో పరీక్షకు ప్రత్యామ్నాయం లేదు.

కారు చౌడు, జిప్సం: నా తొలి పాఠం

బంకమన్ను రేణువుల ఉపరితలంపై ఉండే ధనాయాన్లు నేల ద్రావణంలోని ధనాయాన్లతో స్థానాలు మార్చుకుంటాయి. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాన్ని నేల గుండా పంపితే అమ్మోనియం నేలలో నిలిచి, కాల్షియం సల్ఫేట్ బయటికి వస్తుందని ఇంగ్లండులో వే అనే శాస్త్రజ్ఞుడు 1850లో నిరూపించాడు. కారు చౌడు బాగుచేయడానికి జిప్సం వేయడంలోని చర్య కూడా ఇటువంటిదే:

సోడియం పట్టిన బంకమన్ను + కాల్షియం సల్ఫేట్ ⇌ కాల్షియం పట్టిన బంకమన్ను + సోడియం సల్ఫేట్

వినిమయ సోడియం 15 శాతానికి మించి, ఉదజని సూచిక 8.5 దాటిన నేలలను కారు చౌడు నేలలుగా పరిగణిస్తాము. వీటికి జిప్సం మోతాదును భూసార పరీక్ష నిర్ణయిస్తుంది. అయితే పై చర్యలోని రెండు వైపులా బాణం గుర్తును మరచిపోకూడదు. సోడియం సల్ఫేట్ వేరుమండలం దిగువకు కొట్టుకుపోతేనే చర్య కుడివైపు పూర్తవుతుంది. అది అక్కడే నిలిచిపోతే చర్య మధ్యలో ఆగిపోతుంది. ఎండాకాలంలో ద్రావణం చిక్కబడి కాల్షియం సున్నంగా అవక్షేపిస్తే చర్య వెనుకకు కూడా నడుస్తుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలిసినా, అర్థమైంది మాత్రం పొలంలోనే. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఉదయగిరి, ఆత్మకూరుల మధ్య ఉన్న ఒక మెట్ట గ్రామంలో ఒక రైతు పొలానికి జిప్సం సిఫార్సు చేశాను. మట్టి పరీక్ష ప్రకారం మోతాదు సరైనదే. మురుగు కాలువ ఉందా అని అడగలేదు, బోరు నీటిని పరీక్షించలేదు. ఆయన అప్పు చేసి జిప్సం తెచ్చి, చల్లి, కలియదున్ని, అదే బోరు నీరు పెట్టాడు. మొదటి పంట కొంత మెరుగుపడింది. రెండో ఏడు చౌడు మళ్ళీ కనిపించింది. నేను వెళ్ళినప్పుడు ఆయన కోప్పడలేదు. "జబ్బు బావిలో ఉంటే మందు నేలకేస్తిమి గదా సార్" అని మాత్రం అన్నాడు. నీటిని పరీక్షించిన తరువాత ఆయన మాటే నిజమని తేలింది. తప్పు పూర్తిగా నాది.

సాగునీటిలో కార్బొనేట్, బైకార్బొనేట్‌ల మొత్తం నుండి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసివేస్తే వచ్చేదే అవశేష సోడియం కార్బొనేట్. ఆర్.ఎస్.సి.గా వాడుకలో ఉన్న ఈ సూచికను 1950లో ఈటన్ ప్రవేశపెట్టాడు. లీటరుకు 1.25 మిల్లీ తుల్యాంకాల లోపు ఉంటే నీరు సురక్షితం, 1.25 నుండి 2.5 వరకు జాగ్రత్తతో వాడదగినది, 2.5 దాటితే సవరణ లేకుండా వాడదగనిది. ఇటువంటి నీరు పొలంలో ఆవిరవుతూ చిక్కబడినప్పుడు కాల్షియం అంతా సున్నంగా దిగిపోతుంది. మిగిలేది సోడియమే. అంటే ప్రతి తడితోనూ మనం చర్యను ఎడమవైపుకు నెడుతున్నాము.

విద్యార్థుల కోసం ఒక లెక్క. నీటి ఆర్.ఎస్.సి. లీటరుకు 5 మిల్లీ తుల్యాంకాలు అనుకుందాం. దానిని 2.5కు తగ్గించాలి. ఒక మిల్లీ తుల్యాంకం శుద్ధ జిప్సం బరువు 86 మిల్లీగ్రాములు. ఎకరాకు 5 సెంటీమీటర్ల లోతు తడి అంటే సుమారు 2,02,000 లీటర్లు. కనుక కావలసిన శుద్ధ జిప్సం 2,02,000 × 2.5 × 86 మిల్లీగ్రాములు, అంటే సుమారు 43 కిలోలు. జిప్సం శుద్ధత 80 శాతమైతే సుమారు 54 కిలోలు. ఇది ఒక్క తడికి మాత్రమే. పంటకాలంలో పది తడులు పెడితే ఎకరాకు అయిదు క్వింటాళ్ళు దాటుతుంది. నేలకు ఒకసారి వేసిన జిప్సం ఏళ్ళ తరబడి ఇటువంటి నీటిని ఎందుకు తట్టుకోలేదో ఈ లెక్కే చెబుతుంది. జిప్సం లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాముల వరకు కరుగుతుంది కాబట్టి, బోరు నీటిని జిప్సం నింపిన తొట్టి గుండా పంపి పొలానికి వదలడం సాధ్యమయ్యే మార్గం.

సున్నపు పదార్థం సహజంగానే ఉన్న నేలల్లో జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్లు దున్నడం ఇంకొక ఉపాయం. అవి కుళ్ళేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు, ముందు చెప్పిన సున్నపు చర్యను కుడివైపుకు నడిపి, నేలలోని కాల్షియాన్నే కరిగిస్తుంది. గొట్టంలో మనకు ఇబ్బంది కలిగించిన చర్యే ఇక్కడ మనకు సాయపడుతుంది. అయితే ఇక్కడ కూడా విడుదలైన సోడియం బయటికి పోయే దారి ఉండాలి.

నిమ్మ ఆకులో ఇనుము

నెల్లూరు జిల్లా నిమ్మకు పేరు పొందింది. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీరు పారే తోటల్లో లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపురంగుకు తిరగడం ఇనుప ధాతులోపానికి గుర్తు. మట్టిలో ఇనుము లేక కాదు. ఎర్ర నేలకు ఆ రంగు ఇచ్చేదే ఇనుము. ఇనుము కరిగే చర్యలో ఒక ఫెర్రిక్ అయాను విడుదల కావాలంటే మూడు ఉదజని అయాన్లు కావాలి. అందువల్ల ఉదజని సూచిక ఒక్క యూనిట్ పెరిగితే ద్రావణంలో ఫెర్రిక్ అయాను వెయ్యి రెట్లు తగ్గుతుంది. అటువంటి నేలలో అన్నభేది వేస్తే అది త్వరలోనే కరగని రూపంలోకి మారిపోతుంది. దానిని ఆకులపై పిచికారీ చేయమని, ఆ ద్రావణంలో కొద్దిగా నిమ్మ ఉప్పు కలపమని చెప్పడం వెనుక ఉన్న తర్కం ఇదే. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచి, ఇనుము ఫెర్రిక్ రూపానికి మారి అవక్షేపం కాకుండా ఆపుతుంది.

ఆత్మకూరు మాగాణిలో యూరియా

ఇప్పటివరకు ఉత్పన్నం బయటికి పోవాలని కోరుకున్నాము. వరి మడిలో దానికి భిన్నంగా, పోకూడదని కోరుకోవాలి.

మడిలో చల్లిన యూరియా యూరియేజ్ అనే ఎంజైము వల్ల కొద్ది రోజులలో అమ్మోనియం కార్బొనేట్‌గా మారుతుంది. తరువాతి చర్య ఇది:

అమ్మోనియం అయాన్ ⇌ అమ్మోనియా + ఉదజని అయాన్

25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7.25 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియా నత్రజనిలో వాయురూపం పొందగలిగేది ఒక శాతమే. 8.25 వద్ద అది 9 శాతం, 9.25 వద్ద సగం. మడి నీటిలో నాచు ఎక్కువగా ఉంటే పగటిపూట అది కిరణజన్య సంయోగక్రియకు బొగ్గుపులుసు వాయువును వాడుకుంటుంది. దానితో మధ్యాహ్నానికి నీటి ఉదజని సూచిక 9 దాటవచ్చు. నీరు వేడెక్కిన కొద్దీ సమతాస్థితి ఇంకా అమ్మోనియా వైపుకే జరుగుతుంది. పైన వీచే గాలి ఆ అమ్మోనియాను తీసుకుపోతుంది. మడి నీటికి గాలి తీసిన తూము వంటిది. గాలిలో కలిసిన కొద్దీ కొత్త అమ్మోనియా ఏర్పడుతూనే ఉంటుంది.

విచిత్రమేమంటే, ఆ యూరియా తయారీకి మూలమైన అమ్మోనియాను కర్మాగారంలో ఉత్పత్తి చేసేది ఇదే సూత్రాన్ని వాడి. నత్రజని, ఉదజని వాయువులు కలిసి అమ్మోనియా కావడం ఉత్క్రమణీయ చర్య, ఉష్ణమోచక చర్య. నాలుగు ఘనపరిమాణాల వాయువు రెండుగా తగ్గుతుంది కనుక అధిక పీడనం మేలు చేస్తుంది. తక్కువ ఉష్ణోగ్రత కూడా మేలే, కానీ అప్పుడు చర్య మరీ నెమ్మదిస్తుంది. అందుకే 400 – 500 డిగ్రీల ఉష్ణోగ్రతను, ఇనుప ఉత్ప్రేరకాన్ని వాడతారు. హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపిన ఈ పద్ధతిని బాష్ పరిశ్రమ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి మొదలైంది. వాయువులు ఒకసారి ఉత్ప్రేరకం మీదుగా వెళ్ళినప్పుడు కొంత భాగమే అమ్మోనియాగా మారుతుంది. దానిని చల్లబరచి ద్రవంగా వేరుచేసి, మిగిలిన వాయువులను మళ్ళీ పంపుతారు. కర్మాగారంలో ఉత్పన్నాన్ని తొలగించడం మన లాభానికి. మడిలో గాలి అదే పని మన నష్టానికి చేస్తుంది.

నీరు తీసివేసి బురద పదునులో యూరియా చల్లి, 36 – 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టమనే సిఫార్సుకు బలం ఇక్కడే ఉంది. బురదలో కలిసిన అమ్మోనియం బంకమన్ను రేణువులకు అంటుకుంటుంది. వే గమనించిన చర్యే ఇది. రేణువులకు పట్టిన మేరకు ద్రావణంలో అమ్మోనియం తగ్గుతుంది, గాలికి పోయేదీ తగ్గుతుంది. నిండుగా నిలిచిన నీటిలో చల్లిన యూరియాకు ఈ రక్షణ చాలావరకు అందదు. ఈ కారణం వివరిస్తే రైతు సిఫార్సును పాటించడానికి ముందుకు వస్తాడని నా అనుభవం. కారణం చెప్పకపోతే నీరు తీయడం, పెట్టడం అతనికి అదనపు శ్రమగానే కనిపిస్తుంది.

సమతాస్థితి సూత్రం చెప్పని విషయాలు

ఈ సూత్రాన్ని అన్నిటికీ అన్వయించే ఉత్సాహంలో మూడు పరిమితులను విస్మరించరాదు.

మొదటిది, ఇది దిశను చెబుతుంది గాని వేగాన్ని చెప్పదు. ఫ్లోరైడు ఉన్న నీటిలో కాల్షియం పెంచితే కాల్షియం ఫ్లోరైడు అవక్షేపించాలని సమీకరణం చెబుతుంది. ఆచరణలో ఆ అవక్షేపణ నెమ్మదిగా, అసంపూర్ణంగా జరుగుతుంది. కాబట్టి జిప్సం తొట్టిని తాగునీటి శుద్ధికి వాడమని ఎవరూ సలహా ఇవ్వరాదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వాడి, ఏర్పడే తెట్టుతో పాటు ఫ్లోరైడును దించడం ఇందుకే.

రెండవది, ప్రతి చర్యకూ రెండు బాణాలు ఉండవు. యూరియా విచ్ఛిన్నం, అమ్మోనియం నుండి నైట్రేట్ ఏర్పడడం మన నేలల్లో ఆచరణలో ఏకదిశా చర్యలే. వాటిని నడిపేవి ఎంజైములూ సూక్ష్మజీవులూ.

మూడవది, నేలకు పెద్ద నిల్వ ఉంటుంది. నేల ద్రావణంలో కనిపించే సోడియం, కాల్షియంల కన్నా రేణువులపై ఉన్నది చాలా ఎక్కువ. కొద్ది మోతాదు సవరణను ఆ నిల్వ మింగేస్తుంది. నేల ద్రావణపు విశ్లేషణ చూసి తొందరపడి మోతాదు తగ్గించరాదు.

సిఫార్సుకు ముందు మూడు ప్రశ్నలు

విస్తరణ శాస్త్రవేత్తలు పొలం గట్టుపై నిలబడి వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి. ఇక్కడ నడుస్తున్న చర్య ఏది, దానిని ఏ వైపుకు నడపాలి? నేలలోని నిల్వను, నీటితో నిత్యం వచ్చే భారాన్ని లెక్కలోకి తీసుకుంటే ఈ మోతాదు చాలుతుందా? ఏర్పడే ఉత్పన్నం ఎటు పోతుంది, అది పోవాలా, నిలవాలా? కారు చౌడులో అది పోవాలి, కనుక జిప్సం కన్నా ముందు మురుగు కాలువ. వరి మడిలో అది నిలవాలి, కనుక యూరియా కన్నా ముందు నీటి యాజమాన్యం. బిందు సేద్యంలో సున్నం కరిగే ఉండాలి, కనుక గొట్టాలు మూసుకుపోకముందే నీటి పరీక్ష.

ఈ మూడిట్లో మూడవ ప్రశ్ననే మనం తరచుగా మరచిపోతున్నాము. మట్టి నమూనాతో పాటు సాగునీటి నమూనాను కూడా తప్పనిసరిగా తీసుకురమ్మని రైతులకు చెప్పడం, మురుగు పోయే దారిని స్వయంగా చూసిన తరువాతే జిప్సం మోతాదు రాయడం మనం అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటు నాకు ముందే ఉండి ఉంటే, ఆ మెట్ట రైతు అప్పు చేసి తెచ్చిన జిప్సం వృథా అయ్యేది కాదు.